యురేనస్ మీద పీహెచ్‌డీ: నౌక చేరేసరికి అమ్మాయికి 42 ఏళ్లు. చేర్పించమంటారా?

సూళ్లూరుపేట నాన్న:

అందరికీ నమస్కారం. నేను జీవిత బీమా ఏజెంటుని. 26 ఏళ్లుగా ఇదే పని. సైన్సు నాకు ఇంటర్‌తో సరి. శ్రీహరికోట షార్‌లో రాకెట్ లేచినప్పుడల్లా మా కిటికీలు గడగడలాడతాయి, అంతరిక్షంతో నాకున్న చుట్టరికం అంతే.

మా అమ్మాయి 2003లో పుట్టింది. మంగళయాన్ లేచిన రోజు, 2013 నవంబర్ 5న, మేడ మీద నా పక్కనే నిలబడి చూసింది. పొగ గీత చెదిరిపోయాక కూడా కిందికి రానంది. ఆ పిచ్చి ఇంకా వదల్లేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయిపోవచ్చింది, పీహెచ్‌డీ చేస్తానంటోంది. సంతోషమే. దేని మీదమ్మా అంటే యురేనస్ అంది. శని అంటే మా ఆవిడకైనా తెలుసు, ప్రతి శనివారం నువ్వుల నూనె దీపం పెడుతుంది. యురేనస్ అసలు నవగ్రహాల్లోనే లేదు కదండీ.

తను చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. అమెరికాలో శాస్త్రవేత్తలు పదేళ్లకోసారి కూర్చుని, రాబోయే పదేళ్లలో ఏ గ్రహానికి ముందు వెళ్లాలో వరస రాస్తారట. 2022లో రాసిన దాంట్లో కొత్త పెద్ద నౌకల్లో మొదటి స్థానం యురేనస్‌ది. 2031లోనో 32లోనో ప్రయోగిస్తే చేరడానికి సుమారు పదమూడేళ్లు. అంటే 2045. అప్పటికి పిల్లకి 42, నేను ఉంటే 71.

నా దగ్గర 20 ఏళ్ల పాలసీ అంటేనే జనం మొహం చిట్లిస్తారు. మధ్యలో రెండు ప్రీమియాలు ఆగాయంటే లాప్స్. నేను అడిగేది ఒక్కటే. ఈ జాబితా పాలసీ బాండు లాంటిదా, లేక మేం పంచే రంగుల బ్రోచర్ లాంటిదా? ఎవరు రాస్తారు, ఎవరు కట్టుబడతారు? దీన్ని నమ్మి ఆడపిల్ల జీవితం పెట్టొచ్చా? తిట్టకుండా చెప్పండి.

ఉప్పుమంచు:

అంకుల్, తిట్టడం దేనికి, మా నాన్న కూడా ఇదే అడిగారు. నేను అమెరికాలో గ్రహాల మీద పరిశోధన చేస్తున్నాను. నాది యురేనస్ కాదు, శనిగ్రహపు చిన్న చంద్రుడు ఎన్సెలాడస్. మీరు చెప్పిన జాబితాలో మాది రెండో స్థానం. అంటే ఓడిపోయినవాళ్ల వైపు నుంచి చెబుతున్నానన్నమాట, కాస్త నమ్మొచ్చు.

ఆ జాబితా నాసా రాసుకునేది కాదు. నేషనల్ అకాడమీస్ అనే సంస్థ కమిటీ వేసి రాయిస్తుంది. దాన్ని డెకేడల్ సర్వే అంటాం. 2022 దానికి రాబిన్ కానప్, ఫిలిప్ క్రిస్టెన్సెన్ సహాధ్యక్షులు. ముందు ఎవరైనా తమ వాదన రాసి పంపొచ్చు, వాటిని వైట్ పేపర్లు అంటారు. 500 పైచిలుకు వచ్చాయి. వాటిలో ఒకదాని కింద సంతకాల్లో నాదీ ఉంది, బహుశా అరవయ్యో పేరు. తర్వాత గ్రహాలవారీగా బృందాలు కూర్చుని, ఒక్కో నౌకకి ఎంతవుతుందో బయటివాళ్ల చేత లెక్క కట్టిస్తాయి. ఈ బయటి లెక్క చాలా ముఖ్యం. సొంత నౌకకి అంచనా వేసుకోమంటే ఎవరైనా పెళ్లి ఖర్చు చెప్పినట్టే చెబుతారు, తక్కువ చేసి.

కట్టుబడతారా అంటే, చట్టం ఏమీ లేదు. కానీ అమెరికా కాంగ్రెస్‌లో డబ్బు అడగాలంటే నాసాకి చూపించడానికి ఉన్న కాగితం ఇదే. శాస్త్రవేత్తలు వెళ్లి తలో మాటా చెబితే అక్కడ ఎవరికీ ఏమీ ఇవ్వరు. అందుకే లోపల ఎంత కొట్టుకున్నా, జాబితా బయటికి వచ్చాక నోరు మూసుకోవడం మాలో మర్యాద. నేనూ మూసుకున్నాను. ఆ రోజు రాత్రి మాత్రం గోంగూర పచ్చడి వేసుకుని రెండు ప్లేట్ల అన్నం తిన్నాను, కోపంతో.

ఇక మీ పాలసీ సంగతి. ఇది మెచ్యూరిటీ తేదీ లేని పాలసీ అంకుల్. మీ అమ్మాయి పుట్టిన 2003లోనే వచ్చింది గ్రహాలకి మొదటి డెకేడల్ సర్వే. అందులో పెద్ద నౌకల్లో పైనున్నది గురుగ్రహపు చంద్రుడు యూరోపా. 2011 జాబితాలో యూరోపా రెండో స్థానానికి జారింది, ఎందుకంటే బయటివాళ్ల లెక్కలో 470 కోట్ల డాలర్లు తేలింది. ఖర్చు తగ్గించుకుని రమ్మన్నారు. తగ్గించారు, నౌక రూపమే మార్చారు. యూరోపా చుట్టూ తిరగడం మానేసి, గురుగ్రహం చుట్టూ తిరుగుతూ మాటిమాటికీ యూరోపా పక్కనుంచి పోయేలా చేశారు. అదే యూరోపా క్లిప్పర్. 2024 అక్టోబర్ 14న బయల్దేరింది, 2030 ఏప్రిల్‌లో చేరాలి. అంటే మీ అమ్మాయికి బారసాల చేసిన ఏడాది రాసిన మొదటి పేరు, ఆమెకి 27 వచ్చాక గమ్యం చేరుతుంది. ఆలస్యం, కానీ లాప్స్ కాలేదు.

ఇంకో ఉదాహరణ అంత బాగుండదు. 2011లో మొదటి స్థానం అంగారకుడి రాళ్లని ఏరి దాచే రోవర్‌ది. ఆ రోవరే పర్సివరెన్స్, 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద జెజెరో బిలంలో దిగింది, రాళ్లు గొట్టాల్లో దాచింది. ఇంతవరకు బాగానే ఉంది. ఆ గొట్టాల్ని భూమికి తేవడం వేరే ప్రాజెక్టు. 2022 సర్వే 530 కోట్ల డాలర్ల అంచనాతో, దాన్ని పూర్తి చేయడమే అన్నిటికన్నా ముందు అంది. జాగ్రత్త కూడా చెప్పింది: ఖర్చు ఇంతకి 20 శాతం మించినా, ఏ ఏడాదైనా గ్రహాల బడ్జెట్‌లో 35 శాతం దాటినా, మిగతా ప్రాజెక్టుల కడుపు కొట్టకుండా పైనుంచి అదనంగా డబ్బు తెచ్చుకోమని. 2024 ఏప్రిల్‌లో నాసాయే ఒప్పుకుంది, ఖర్చు 1100 కోట్ల డాలర్లకి పోతోంది, రాళ్లు 2040కి గానీ రావు, ఇలా కుదరదు అని. ఇలాంటి ఒక్క పెద్దన్న తూలితే వెనకున్న తమ్ముళ్లందరూ పడతారు. యురేనస్ పని సర్వే కోరినట్టు 2024లో మొదలవలేదు. కాబట్టి 2045 అన్నది కూడా పక్కా అనుకోకండి, ఇంకా వెనక్కి పోవచ్చు.

ఏడో మైలు:

మధ్యలో దూరుతున్నా. నేను హనుమకొండలో టెలిస్కోపు పెట్టుకుని డాబా మీద చూసే మామూలు మనిషిని. యురేనస్ ఎక్కడికీ పోదు కదా, ఈ వరసలో ముందు మన నెత్తిన పడే రాళ్లు ఉండాలి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి గాల్లోనే పేలితే అద్దాలు పగిలి వెయ్యి మందికి పైగా దెబ్బలు తగిలాయి. అది వస్తున్నట్టు ఎవరికీ ముందుగా తెలియదు. అపోఫిస్ అనే రాయి 2029 ఏప్రిల్ 13న భూమికి 32 వేల కిలోమీటర్ల దగ్గర్నుంచి పోతుంది, మన టీవీ ఉపగ్రహాలకన్నా దగ్గర. గుద్దదు, లెక్క తేలింది. లెక్క తేలని రాళ్ల సంగతో?

ఉప్పుమంచు:

అన్నా, రాళ్లని వదిలేయలేదు. 2022 సర్వేలో వాటికో అధ్యాయమే ఉంది. వాటిని వెతికే నియో సర్వేయర్ టెలిస్కోపుకి గట్టిగా మద్దతిచ్చారు. కానీ "యురేనస్ ఎక్కడికీ పోదు" అన్నారే, అక్కడ మాత్రం ఒప్పుకోను. పోతుంది! యురేనస్ సూర్యుణ్ణి చుట్టడానికి 84 ఏళ్లు పడుతుంది, పైగా పక్కకి పడుకుని దొర్లుతుంది. అక్కడ ఒక్కో ధ్రువానికి 42 ఏళ్లు పగలు, 42 ఏళ్లు రాత్రి. 1986 జనవరి 24న నాసా నౌక వాయేజర్ 2 పక్కనుంచి పోయినప్పుడు చంద్రుళ్ల దక్షిణం వైపే వెలుగులో ఉంది. ఉత్తరం సగం మనిషి కంట పడనేలేదు. ఇప్పుడు ఆ ఉత్తరానికి పగలు. 2050 ప్రాంతంలో పొద్దు వాలుతుంది. ఆ తర్వాత చేరితే మళ్లీ పాత సగమే చూస్తాం.

దారిలో గురుగ్రహం లాగి విసిరితేనే పదమూడేళ్లలో చేరేది, ఆ సాయం 2031, 32ల్లో కుదురుతుంది. తప్పితే ఇంకా మెల్లగా పోవాలి, లేదా బరువు తగ్గించుకోవాలి. ముహూర్తాలు మనకొక్కరికే అనుకుంటారు గానీ, గ్రహాలు కూడా పంచాంగం చూసే ఒప్పుకుంటాయి.

వాయేజర్ చూసింది కూడా ఒక్క రోజు ముచ్చటే. 2024 నవంబర్‌లో పాత కొలతల్ని మళ్లీ తవ్వి చూస్తే, ఆ నౌక రావడానికి కాస్త ముందే సూర్యుడి నుంచి వీచే సౌరపవనం బలంగా కొట్టి యురేనస్ అయస్కాంత కవచాన్ని అదిమేసిందని తేలింది. అలా ఉండేది నూటికి నాలుగు పాళ్ల సమయమేనట. జ్వరం వచ్చిన రోజు పెళ్లిచూపులకి వెళ్లి పిల్లది ఇదే స్వభావం అనుకున్నట్టు, ముప్పై ఎనిమిదేళ్లు అలాగే పాఠాలు చెప్పుకున్నాం.

షార్ మాజీ:

సూళ్లూరుపేట తమ్ముడూ, నేను శ్రీహరికోట రేంజ్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నాది నేల మీద పని, గ్రహాల లెక్కలు నా చేత వేయించలేదు. అయినా రెండు మాటలు.

మన దగ్గర పనులు వేరేలా నడుస్తాయి. 2024 సెప్టెంబర్ 18న కేంద్ర మంత్రివర్గం ఒక్క రోజే చంద్రయాన్-4కి 2104 కోట్లు, శుక్రుడి నౌకకి 1236 కోట్లు మంజూరు చేసింది. శుక్రుడి ప్రయోగం 2028 మార్చిలో అనుకుంటున్నారు. 2035కి అంతరిక్ష కేంద్రం, 2040కి చంద్రుడి మీద మన మనిషి అనేవి ప్రభుత్వం పెట్టిన గురి. గురి పైనుంచి వస్తే పనులు చకచకా సాగుతాయి, నేను కళ్లారా చూశాను. కానీ 500 మంది పేపర్లు రాసి, మా గ్రహం ఎందుకు ముందో వాదించుకుని, ఓడినవాళ్ల పేరు కూడా అచ్చులో ఉండే అమెరికావాళ్ల పద్ధతిలో ఒక సుఖం ఉంది. ఓడిన మనిషికి ఎందుకు ఓడాడో తెలుస్తుంది. ఈ అమ్మాయి పైన రాసింది చూడు, రెండో స్థానం అని ఎంత ఠీవిగా చెప్పుకుంది. మాకు ఫైలు ఎందుకు ఆగిందో క్యాంటీన్‌లోనే తెలిసేది, అదీ సగం.

నీ కూతురికి నా సలహా: యురేనస్ చదవనీ, కానీ చేతికి పనిముట్టు పట్టించు. వెలుగుని విడదీసి చూసే స్పెక్ట్రోమీటరో, అయస్కాంతాన్ని కొలిచేదో. అయస్కాంతం కొలిచేవాడికి శుక్రుడైనా ఒకటే, యురేనస్ అయినా ఒకటే.

సూళ్లూరుపేట నాన్న:

అందరికీ దండాలు. రాత్రి భోజనాలయ్యాక మొత్తం అమ్మాయికి చదివి వినిపించాను. షార్ మాజీ అన్నగారి పనిముట్టు మాట దగ్గర లేచి వెళ్లి లాప్‌టాప్ తెచ్చింది. తను అడుగుతున్నది నౌక కోసం కూర్చునే చదువు కాదట. జేమ్స్ వెబ్ టెలిస్కోపు యురేనస్‌ని ఇప్పటికే చూస్తోందట, 2025లో కొత్త చంద్రుణ్ణి కూడా పట్టారట, పది కిలోమీటర్లే ఉంటాడట. మా ఊరి నుంచి నాయుడుపేట కూడా అంతకన్నా దూరం. నాకు ముందే చెప్పొచ్చుగా అంటే, "నువ్వు 2045 దగ్గరే ఆగిపోయావు నాన్నా, చెప్పనిచ్చావా" అంది.

ఇంకొకటి అడిగాను. ఉప్పుమంచు అమ్మా, నీ మాటే ఎత్తాను. అంత కష్టపడి రెండో స్థానం వస్తే ఏం చేస్తావే అని. "వాళ్లకి యూరప్ ఉందిగా" అంది. నిజమేనా?

ఉప్పుమంచు:

నిజమే అంకుల్, గట్టి పిల్లే. యూరప్ వాళ్లు 2050 దాకా వేసుకున్న ప్రణాళికలో పెద్ద గ్రహాల చంద్రుళ్లు ఒక అంశం. ఏ చంద్రుడు అని చూడమంటే, 2024 మార్చిలో వాళ్ల నిపుణుల కమిటీ ఎన్సెలాడస్ పేరే చెప్పింది. కాకపోతే ప్రయోగమే 2040ల్లో. అప్పటికి నేను రిటైర్మెంటుకి దగ్గర. కొలతలు వచ్చేనాటికి నా స్టూడెంట్లే చూసుకోవాలి.

సూళ్లూరుపేట నాన్న:

దాన్ని మా భాషలో నామినీ అంటారమ్మా. ఆ కాలమ్ ఖాళీగా వదిలేసిన ఫారం నేను తీసుకోను.

అహ్మదాబాద్‌లో ఫిజికల్ రిసెర్చ్ లాబొరేటరీకి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకి పిలిస్తే నెల్లూరులో నవజీవన్ ఎక్కుతాం, తోడుగా నేనూ వెళ్తాను. అటువైపు ఎవరైనా ఉంటే చెప్పండి, పప్పులో బెల్లం వేయని హోటల్ ఉందా?