ఐర్లండ్ అబార్షన్ రెఫరెండం: 1983లో పెట్టినదాన్ని 2018లో అంతమంది ఎందుకు తీసేశారు?

గాల్వేకి కొత్త

అందరికీ నమస్కారం. చదువు కోసం గాల్వే వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మకి డెబ్భై దాటాయి. మొన్న మాటల్లో 2018 మే 25న జరిగిన అబార్షన్ రెఫరెండం సంగతి వచ్చింది. ఇండియా నుంచి వచ్చావు కదా, సవిత గురించి విన్నావా అని అడిగింది. పేరు తెలుసు, వివరాలు తెలియవన్నాను. ఇక ఆవిడ ఆగలేదు. 1983లో ఐర్లండ్ రాజ్యాంగంలో అబార్షన్‌ని అడ్డుకునే ఎనిమిదో సవరణ పెట్టడానికి తనే ఓటు వేసిందట, 2018లో దాన్ని తీసెయ్యడానికీ తనే వేసిందట. కానీ మర్నాడు ఫలితం వచ్చాక డబ్లిన్ కోట దగ్గర జనం కేకలేస్తూ గంతులేస్తుంటే చూడలేక టీవీ కట్టేసిందట.

నాకు అర్థం కానివి రెండు. 1983లో ఆ సవరణకి అనుకూలంగా 66.9 శాతం, 2018లో దాన్ని తీసెయ్యడానికి అనుకూలంగా 66.4 శాతం. ముప్పై అయిదేళ్లలో ఒక దేశం ఇంతగా ఎలా తిరగబడింది, ఒక్క సవిత మరణం వల్లేనా? రెండోది ఆ సంబరం. అబార్షన్ ఎవరికైనా బాధ కలిగించే విషయమే కదా, దానికి చప్పట్లు ఎందుకు? అప్పుడు ఇక్కడున్నవాళ్లు ఎవరైనా చెప్తారా? దయచేసి తిట్టుకోకండి, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

డబ్లిన్ పాతకాపు

గాల్వేలో ఉన్నారు కాబట్టి సవిత దగ్గర్నుంచే మొదలుపెడతాను. సవిత హలప్పనవర్, కర్ణాటకలోని బెళగావి అమ్మాయి, పళ్ల డాక్టరు, 31 ఏళ్లు. 2012 అక్టోబరులో పదిహేడో వారంలో గర్భం నిలిచేలా లేదని గాల్వే యూనివర్సిటీ హాస్పిటల్‌లో చేరింది. బిడ్డ బతకదని డాక్టర్లకీ తెలుసు. అబార్షన్ చెయ్యమని ఆవిడా భర్తా అడిగారు. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇది క్యాథలిక్ దేశం అని తాను అన్న మాట నిజమేనని ఒక మిడ్‌వైఫ్ తర్వాత విచారణలో ఒప్పుకుంది. అక్టోబరు 28న సెప్సిస్‌తో, అంటే ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్‌తో, సవిత చనిపోయింది. నవంబరులో ఈ సంగతి పేపర్లో వచ్చేసరికి డబ్లిన్‌లో, గాల్వేలో వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. మనవాళ్లు చాలామంది ఈ దేశ చట్టం గురించి మొదటిసారి ఆలోచించింది అప్పుడే. అప్పటిదాకా అది వాళ్ల గొడవ అనుకున్నాం, నేను కూడా.

కానీ ఒక్క సవిత వల్లేనా అంటే కాదు. ఇక్కడి ఆడవాళ్లతో నిదానంగా మాట్లాడితే మీకే తెలుస్తుంది. 1992లో అత్యాచారానికి గురైన పద్నాలుగేళ్ల పాప ఇంగ్లండ్ వెళ్లి అబార్షన్ చేయించుకోకుండా ప్రభుత్వమే కోర్టు నుంచి ఆర్డరు తెచ్చింది. ఆ పాప ఆత్మహత్య చేసుకునే ప్రమాదం ఉంది కాబట్టి అబార్షన్ చేయించుకోవచ్చని చివరికి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ కేసుకి ఎక్స్ కేసు అని పేరు. ఆ వయసు కూతుళ్లున్న ప్రతి ఇంట్లో అప్పుడు దీని గురించే మాట్లాడుకున్నారని నాకంటే పెద్దవాళ్లు చెప్తారు. ఇక ఇంగ్లండ్ ప్రయాణాలు. 2016లో ఇంగ్లండ్, వేల్స్ క్లినిక్కుల్లో ఐర్లండ్ అడ్రసు ఇచ్చినవాళ్లే 3,265 మంది. రోజుకి తొమ్మిదిమంది చొప్పున. ఇక్కడి అడ్రసు ఇవ్వడానికి భయపడినవాళ్లు ఈ లెక్కలోకి రారు.

ఇన్నేళ్లూ ఇది ఎవరూ బయటికి చెప్పలేదు. 2018లో ప్రచారం మొదలయ్యాక రేడియోల్లో, టీవీల్లో ఆడవాళ్లు సొంత పేరుతో, సొంత గొంతుతో చెప్పడం మొదలుపెట్టారు. కడుపులో బిడ్డ బతకదని తేలాక ఇంగ్లండ్ వెళ్లొచ్చి, ఆ బిడ్డ అస్థికలు ఇంటికి కొరియర్‌లో వస్తే తీసుకున్నామని చెప్పిన తల్లిదండ్రులు ఉన్నారు. కొరియర్ అతను సంతకం పెట్టించుకుంటాడు కదా, ఆ సంతకం పెట్టిన తండ్రి మాట విన్నాక ఇంట్లో ఎవరూ ఇంకో మాట మాట్లాడలేరు. నా లెక్కలో ఓటు తిప్పింది ఇదే. పార్టీలు కాదు, పోస్టర్లు కాదు, తల్లి కూతురికీ కూతురు తండ్రికీ వంటింట్లో కూర్చుని చెప్పుకున్న కథలు.

సంబరం సంగతి. నాకు అప్పటికి పౌరసత్వం రాలేదు, రెఫరెండంలో ఐరిష్ పౌరులే ఓటు వేయాలి, కాబట్టి నేను చూసినవాడినే కానీ వేసినవాడిని కాదు. మే 26న కోట దగ్గరికి వెళ్లాను. టీవీలో గంతులే చూపించారేమో, నా పక్కన నిలబడ్డ యాభై ఏళ్లావిడ మాత్రం చేతిసంచి రెండు చేతులతో గుండెకి హత్తుకుని ఒక్క మాట లేకుండా ఏడుస్తోంది, పక్కనున్న అమ్మాయి ఎవరో తెలియకపోయినా భుజం మీద చెయ్యేసి నిలబడింది. అక్కడ చప్పట్లు అబార్షన్‌కి కాదండీ. ఇక దాచుకోనక్కర్లేదన్నదానికి. మీ ఓనరమ్మ బాధ కూడా నాకు అర్థమవుతుంది, ఆవిడ తరానికి అలాంటివి గుమ్మం దాటని విషయాలు.

ఇంకొకటి. అప్పుడు డబ్లిన్‌లోని పోర్టొబెల్లోలో ఒక పబ్ గోడ మీద సవిత బొమ్మ వేశారు. ఓటు వేసి వచ్చినవాళ్లు చిన్న చిన్న రంగు కాగితాలు రాసి ఆ గోడకి అంటించారు. క్షమించు అని కొందరు, నీ కోసమే వేశాను అని కొందరు. అలా వందల కాగితాలు. వాటిని తర్వాత డబ్లిన్ సిటీ లైబ్రరీ వాళ్లు జాగ్రత్త చేశారు.

కార్క్ నర్సు

పాతకాపు గారూ, మీరు చెప్పిన వాటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ ఇంకో వైపు కూడా ఒకరు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. నాకు ఇక్కడి పౌరసత్వం ఉంది, నేను వద్దని ఓటు వేశాను. 7,23,632 మంది అలా వేశారు, అందరూ పాతకాలపు మనుషులూ కాదు, ఫాదర్ చెప్పినట్టు ఆడేవాళ్లూ కాదు.

నేను ప్రసూతి వార్డులో పని చేశాను. ఇరవై నాలుగో వారంలో పుట్టిన పిల్లల్ని చేతుల్లోకి తీసుకున్నదాన్ని. నా మనసు నాకు ఒకటి చెప్తుంది, దాన్ని పక్కన పెట్టి ఓటు వెయ్యలేను. సవిత విషయంలో నాకు వచ్చే కోపం మీ కోపం కంటే తక్కువేమీ కాదు. ఇన్‌క్వెస్ట్‌లో, అంటే ఆవిడ మరణం మీద జరిగిన విచారణలో, వైద్యంలో జరిగిన తప్పిదాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి, ఇన్ఫెక్షన్ సూచనలు సమయానికి పట్టుకోలేదని తేలింది. ఒక నర్సుగా అవి చదువుతుంటే నాకు నిద్ర పట్టలేదు. అలాంటి తల్లిని కాపాడడానికి, అత్యాచార బాధితులకి, బిడ్డ బతకదని తేలినవాళ్లకి దారి ఇవ్వండి అంటే ఒప్పుకునేవాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. కానీ ప్రభుత్వం ముందే చూపించిన బిల్లులో పన్నెండు వారాల దాకా కారణం అడగకుండా అని ఉంది. నేను వద్దన్నది దానికి.

ఆ మర్నాడు డ్యూటీకి వెళ్తే అందరూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. నేను మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అది నిజం. కానీ నువ్వేం వేశావు అని కూడా ఎవరూ అడగలేదు, అవుననే వేసి ఉంటానని అందరూ అనుకున్నారు. ఆ రోజు ఓడిపోయినవాళ్లు ఎవరికీ చెప్పుకోకుండా ఇంటికి వెళ్లారు. నియోజకవర్గాల్లో డోనెగల్ ఒక్కటే వద్దంది, అదీ 51.9 శాతంతో, దాంతో మిగతా చోట్ల మేం లేనట్టే అయిపోయింది. మీ ఓనరమ్మ టీవీ కట్టేసిందంటే అవునని వేసినావిడకి కూడా మా సంగతి గుర్తొచ్చిందేమో.

చట్టం చదివినోడు

నర్సు గారు రాసింది చదివితే బాగుంది, ఇంత నిజాయితీగా ఎవరూ రాయరు. నేను 1983 నుంచి 2018 దాకా మధ్యలో ఏం జరిగిందో కొంచెం చెప్తాను, ఎందుకంటే దేశం ఒక్కసారిగా తిరగబడలేదు, మెట్టు మెట్టుగా దిగింది.

ముందు అసలు రెఫరెండం ఎందుకంటే, ఐర్లండ్ రాజ్యాంగంలో ఒక్క వాక్యం మార్చాలన్నా జనం ఓటు వేయాల్సిందే, పార్లమెంటు ఒక్కటే చెయ్యలేదు. ఎనిమిదో సవరణ తల్లి ప్రాణానికీ కడుపులో ప్రాణానికీ సమాన హక్కు ఇచ్చింది. వినడానికి బాగుంటుంది కానీ రెండూ ఒకదానికొకటి ఎదురుపడిన రాత్రి డాక్టరు ఏం చెయ్యాలో అందులో లేదు. ఎక్స్ కేసు తర్వాత 1992 నవంబరులో మూడు ప్రశ్నలు జనం ముందుకి వచ్చాయి. విదేశాలకి వెళ్లే స్వేచ్ఛ ఉండాలన్నారు, సమాచారం ఇచ్చే స్వేచ్ఛ ఉండాలన్నారు, అబార్షన్‌కి ఆత్మహత్య ప్రమాదం ఒక కారణంగా చెల్లకుండా చెయ్యాలంటే మాత్రం వద్దన్నారు. 2002లో అదే మళ్లీ అడిగితే వెంట్రుకవాసిలో మళ్లీ వద్దన్నారు. సవిత పోయాక 2013లో ఒక చట్టం తెచ్చారు, తల్లి ప్రాణానికి ప్రమాదం ఉంటేనే అని. దాని బయట చేస్తే పద్నాలుగేళ్ల దాకా జైలు. అంత శిక్ష నెత్తి మీద వేలాడుతుంటే ప్రమాదం ఎంత ముదిరితే చెయ్యి వెయ్యాలో ఏ డాక్టరు ధైర్యంగా చెప్తాడు? నర్సు గారు అన్న తప్పిదాలు నిజమే, కానీ అలా ఎదురుచూసే అలవాటు ముందు నుంచీ ఆ ఎనిమిదో సవరణే నేర్పింది, ఈ విషయంలో నేను ఆవిడతో ఏకీభవించను.

తర్వాత 2016లో సిటిజన్స్ అసెంబ్లీ పెట్టారు. 99 మంది మామూలు పౌరులు, జడ్జి మేరీ లఫోయ్ అధ్యక్షత. వారాంతాల్లో కూర్చుని డాక్టర్లని, లాయర్లని, రెండు వైపులవాళ్లనీ, అబార్షన్ చేయించుకున్న ఆడవాళ్లనీ విన్నారు. అబార్షన్‌కి అవకాశం ఇవ్వాలనడంలో పార్టీవాళ్లు ఊహించినదానికంటే చాలా దూరం వెళ్లారు. నాయకులకి ధైర్యం వచ్చింది అక్కడి నుంచే.

ఫలితంలో కూడా పల్లె ఒకటి పట్నం ఒకటి అనుకున్నది తేలిపోయింది. 2015లో స్వలింగ వివాహాలకి వద్దన్న ఒకే ఒక్క నియోజకవర్గం రాస్కామన్, సౌత్ లీట్రిమ్. అదే ప్రాంతం 2018లో 57 శాతంతో అవునంది. ఎగ్జిట్ పోల్స్‌లో 65 దాటినవాళ్లలో మాత్రమే వద్దన్నవాళ్లు ఎక్కువ, కాబట్టి మీ ఓనరమ్మ తన ఈడువాళ్లలో తక్కువమంది వైపు నిలబడింది. చాలామంది ప్రచారం మొదలవక ముందే నిర్ణయించుకున్నామని చెప్పారు. అప్పటి ప్రధాని లియో వరాద్కర్ దీన్ని నిశ్శబ్ద విప్లవం అన్నాడు, అది పదీ ఇరవై ఏళ్లుగా జరుగుతూ వచ్చిందని.

లివర్‌పూల్ నుంచి

ఎవరూ ఓడ సంగతి రాయలేదు కాబట్టి రాస్తున్నా. అప్పుడు నేను లివర్‌పూల్‌లో ఉండేదాన్ని. ఓటింగ్ ముందురోజు హోలీహెడ్ నుంచి డబ్లిన్ ఓడ ఎక్కాను, వేరే పని మీద. ఓడ నిండా ఓటు వెయ్యడానికి ఇంటికి వెళ్తున్నవాళ్లే. ఐర్లండ్ బయట ఉండేవాళ్లకి పోస్టల్ ఓటు లేదు, వెళ్లి పద్దెనిమిది నెలలు దాటనివాళ్లు స్వయంగా వచ్చి వెయ్యాలి. కొందరు జపాన్ నుంచి కూడా వచ్చారని వార్తల్లో చూశాం. నల్ల స్వెట్‌షర్టుల మీద తెల్లటి పెద్ద అక్షరాలతో రిపీల్ అని, అంటే రద్దు చెయ్యండి అని. నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి బ్యాగు తెరవకుండా ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపే చూస్తోంది. కాసేపయ్యాక తనే చెప్పింది, ఇదే ఓడలో అవతలి దిక్కుకి ఒకసారి ఒంటరిగా వెళ్లాను, అప్పుడు ఎవరితోనూ మాట్లాడలేదు అని. నేనేం అనలేకపోయాను, తినడానికి ఉన్నది చెరి సగం పంచుకున్నాం.

నర్సక్కా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ వద్దు అన్నా ఆ ఓడలు ఆగలేదక్కా. ఆ అమ్మాయి ఎలాగూ వెళ్లింది. మారింది ఒక్కటే, ఇప్పుడు తన ఊళ్లో తన డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు.

కార్క్ నర్సు

అదీ నిజమేనమ్మా. ఆ అమ్మాయి నా వార్డుకి వస్తే చేతులారా చూసుకుంటాను, ఎవరి ఓటు ఏదైనా. అబార్షన్ చెయ్యడంలో పాల్గొనకుండా ఉండే హక్కు చట్టం నాకు ఇచ్చింది, ప్రాణం మీదికి వస్తే మాత్రం ఆ హక్కు వర్తించదు, అది నాకూ సమ్మతమే. నా ఓటు అయితే అదే.

గాల్వేకి కొత్త

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ థాంక్స్. నర్సు గారి మాటలు మా ఓనరమ్మకి చెప్పాలనిపించింది. ఇంకొక్కటే అడుగుతాను, ఇప్పుడు పరిస్థితి ఏమిటి? ఇంగ్లండ్ వెళ్లడం పూర్తిగా ఆగిపోయిందా?

చట్టం చదివినోడు

పూర్తిగా ఆగలేదు. 2018 డిసెంబరులో చట్టం అయింది, 2019 జనవరి 1 నుంచి సేవలు మొదలయ్యాయి. పన్నెండు వారాల దాకా కారణం చెప్పక్కర్లేదు, కానీ డాక్టరు సర్టిఫై చేశాక మూడు రోజులు ఆగాలి. పన్నెండు దాటితే తల్లి ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్రమైన ప్రమాదం ఉండాలి, లేదా బిడ్డ పుట్టకముందో పుట్టిన 28 రోజుల్లోపో చనిపోతుందని ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. ఆ 28 రోజుల సంగతి ఖచ్చితంగా తేల్చి చెప్పలేని కేసులు ఇప్పటికీ ఇంగ్లండ్ వెళ్తున్నాయి, నా దృష్టిలో ఈ చట్టంలో అన్నిటికంటే క్రూరమైన ముక్క అదే. 2023లో ఈ చట్టం అమలు మీద న్యాయవాది మేరీ ఓషే ఇచ్చిన సమీక్షలో 19 ప్రసూతి ఆసుపత్రుల్లో 11 మాత్రమే పూర్తి సేవలు ఇస్తున్నాయని వచ్చింది, మూడు రోజుల నిబంధన తప్పనిసరిగా ఉంచొద్దని కూడా సూచించారు. 2024లో ఆసుపత్రులు, క్లినిక్కుల చుట్టూ 100 మీటర్ల లోపు నిరసనలు కుదరవని చట్టం తెచ్చారు.

మీ క్లాసులో ఎవరికైనా అవసరం పడితే ఇది చెప్పండి: మైఆప్షన్స్ అని ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ (హెచ్ఎస్ఈ) హెల్ప్‌లైన్ ఉంది, దగ్గర్లో ఏ డాక్టరు ఈ సేవ ఇస్తారో వాళ్లే చెప్తారు. అందరు జీపీలూ (ఫ్యామిలీ డాక్టర్లు) ఇవ్వరు కాబట్టి ముందు అక్కడికే ఫోన్ చెయ్యడం మంచిది. ఐర్లండ్ రిపబ్లిక్‌లో నివసించేవాళ్లకి ఫీజు లేదు.