గుంపుగా మూర్ (చెట్లు లేని బీడు కొండ) ఎక్కితే ఎవరి వేగంతో నడవాలి?

వెనకబెంచీ (లీడ్స్):
ఆగస్టు ఆఖరు శనివారం మన తెలుగువాళ్ళం 18 మందిమి నార్త్ యార్క్ మూర్స్‌లో హోల్ ఆఫ్ హోర్కమ్ చుట్టొచ్చాం. 400 అడుగుల లోతు గుంట అది. వేడ్ అనే రాక్షసుడు పెళ్ళాం మీద కోపంతో గుప్పెడు మట్టి పెళ్ళగించి విసిరితే ఏర్పడిందట. పైన బీడంతా హెదర్ పొదలు పూసి ఊదారంగు. అంతా బాగుంది, ఒక్కటి తప్ప. ముందున్న ఆరుగురు డండేల్ పాండ్ దగ్గర కూర్చుని పులిహోర తిన్నారు, బూట్లు విప్పి కాళ్ళు చాపారు. నేనూ, మోకాలి నొప్పి ఉన్న ఆంటీ రొప్పుకుంటూ చేరామో లేదో, "హమ్మయ్య, వచ్చేశారు, ఇక పదండి" అని లేచారు! ఆంటీ బ్యాగు కూడా దించలేదు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళ వేగమే గుంపు వేగం కావాలంటాను.

మ్యాప్‌రాజు (యార్క్):
ఆ ఆరుగురిలో నేనొకణ్ణి. సుమారు 7 మైళ్ళని ముందే చెప్పాం కదండీ. 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఇచ్చిన లెక్క ప్రకారం 3 మైళ్ళకు గంట, 2000 అడుగులు ఎక్కడానికి ఇంకో గంట. అలా చూస్తే మూడు గంటల నడక. మనకు ఆరు పట్టింది. పైన గాలికి చెమట ఆరి వణుకు పుడుతుంటే ఎంతసేపని కూర్చుంటాం?

కొండపిల్ల (షెఫీల్డ్):
రాజుగారూ, నెయిస్మిత్ లెక్కలో పులిహోర లేదు. ఆగకుండా నడిచే గట్టివాళ్ళ లెక్క అది. పోయినేడు మా గుంపు పొగమంచులో రెండుగా చీలింది. వెనకున్న మేమిద్దరం గొర్రెలు నడిచిన జాడని దారి అనుకుని హెదర్‌లోకి దిగాం. ఆ కాడలు పుల్లల్లా గీసుకుంటాయి, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసిపోయింది. సిగ్నల్ లేదు. ఎక్కడో గ్రౌస్ పక్షి కూత మాత్రం "గో బ్యాక్, గో బ్యాక్" అన్నట్టే వినిపించింది. నలభై నిమిషాలు! చలేస్తే ఇంకో స్వెటర్ వేసుకోవచ్చు, దారి తప్పితే ఏం వేసుకుంటాం?

మ్యాప్‌రాజు:
చీలకూడదు, ఒప్పుకుంటా. దారి తెలిసినవాళ్ళొకరు చివర నడవాలి, అదీ ఒప్పుకుంటా. కానీ వేగం మొత్తం ఒక్కరికి కట్టేస్తే వచ్చేసారి నలుగురే వస్తారు. అయినా ఆంటీ తను కారు దగ్గరే ఉంటానన్నారు, బలవంతపెట్టింది మీరే కదా?

వెనకబెంచీ:
నిజమే, నేనే రమ్మన్నాను. చివర్లో లోయ అడుగు నుంచి అంచుకి ఎక్కుతుంటే ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. నిన్న ఫోన్ చేశా. రోజ్‌డేల్ అయితే వస్తానన్నారు. అక్కడ 1929లో మూసేసిన ఇనప ఖనిజం రైలు కట్ట ఉంది, దాదాపు చదును. ఒక్కటే షరతు పెట్టారు: ముందు తను నడుస్తారట, పులిహోర డబ్బా కూడా తన దగ్గరే ఉంటుందట.