మొరం నేలలో ఎర్రటి చిన్న పువ్వు: ఇది చెర్రగడ్డమేనా?

ప్రశ్న (శేరిలింగంపల్లి నుంచి)
మా కాలనీ వెనుక బండరాళ్ల నడుమ ఉన్న మొరం నేలలో, వానలు పడ్డాక నేలబారుగా పాకే మొక్క ఒకటి మొలిచింది. ఆకులు సన్నగా, వెండిరంగు నూగుతో ఉన్నాయి. వాటి మొదళ్లలో చాలా చిన్న ఎర్రటి పువ్వులు గుత్తులుగా పూస్తున్నాయి. పువ్వును బట్టి చిక్కుడు కుటుంబానిదే అనిపిస్తోంది కానీ, కాయలు పొడుగ్గా కాక తెల్లటి పూసల్లా ఉన్నాయి. ఇది చెర్రగడ్డమేనా? త్వరలో ఆ స్థలాన్ని చదును చేస్తారట. తవ్వి తెచ్చి కుండీలో పెడితే బతుకుతుందా?

జవాబు 1 (వృక్షశాస్త్ర అధ్యాపకురాలు)
కాయను గమనించి మంచి పని చేశారండీ, గుర్తు అక్కడే దొరుకుతుంది. మీ వర్ణనను బట్టి ఇది ఇండిగోఫెరా లినిఫోలియా. చెర్రగడ్డం, నీలిరంగునిచ్చే నీలిమొక్క కూడా ఈ ఇండిగోఫెరా ప్రజాతివే (అంటే దగ్గరి బంధువులైన మొక్కల గుంపువే). అయితే చెర్రగడ్డం ఆకు చిన్న చిన్న పత్రకాలుగా చీలి ఉంటుంది, దీనిది చీలికలు లేని సన్నని ఆకు. కాయ సుమారు 2 మిల్లీమీటర్లే ఉంటుంది, అందులో గింజ ఒక్కటే. భూతద్దంతో చూడండి: నూగులోని ప్రతి వెంట్రుకా నడిమి భాగంతో ఆకుకు అతుక్కుని, కొసలు రెండు వైపులకూ చాపి ఉంటుంది. ఈ ప్రజాతిని పట్టిచ్చే లక్షణమది.

పువ్వు పనితీరు నాకు మరీ ఇష్టం. తేనెటీగ వాలి కింది రేకులైన ద్రోణులను నొక్కగానే, లోపల బిగిసి ఉన్న కేసరాల గొట్టం ఒక్కసారిగా పైకి తన్ని దాని పొట్టకు పుప్పొడి పూస్తుంది. ఆ తర్వాత ద్రోణులు కిందికి వాలిపోతాయి కనుక, ఏ పువ్వుపై తేనెటీగ వాలి వెళ్లిందో మీరే చెప్పగలరు.

జవాబు 2 (మేడతోట పెంపకందారు)
దయచేసి తవ్వకండి. తల్లివేరు రాళ్ల సందుల్లోకి దిగి ఉంటుంది. అది తెగితే మొక్క కోలుకోవడం కష్టం. ఎండిన కాయలు కొన్ని మాత్రమే కోసి, మిగతావి అక్కడే రాలనివ్వండి. ఈ కుటుంబంలో చాలా గింజల పెంకు నీటిని లోపలికి పోనివ్వదు కాబట్టి, శాండ్ పేపర్ మీద తేలికగా రుద్ది, రాత్రంతా నానబెట్టి నాటండి. కుండీలో మొరం, ఇసుక చాలు. వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని అందిస్తుంది కాబట్టి యూరియా జోలికి పోవద్దు. మొక్క మొలిచిన చోటి మట్టి పిడికెడు కలిపితే ఆ బ్యాక్టీరియా కూడా వస్తుంది.

జవాబు 3 (గచ్చిబౌలి నుంచి)
అధ్యాపకురాలి గారి మాటకు తోడుగా ఒక మనవి. చదును ఆపలేకపోయినా, కాయలు ఎండేవరకు ఆగమని, బండల అంచున కొంత నేలను వదలమని కాలనీ సంఘాన్ని రాతపూర్వకంగా అడగండి. పూత ఉండగానే ఫొటోలు తీసి ఆ లేఖకు జతచేయండి.