ఇంట్లో నింపిన రైఫిల్ తూటాలు: రేంజ్‌లో గురి తేల్చుకోవడం ఎలా?

గాజువాక కుర్రాడు: అందరికీ నమస్కారం. ఈమధ్యే హెచ్1బీ మీద టెక్సస్ వచ్చాను. ఎన్‌సీసీలో పాయింట్ 22 కాల్చిన సరదా ఇంకా పోలేదు. మా టీమ్‌లో ఒకాయన .308 సైజు రైఫిల్ తూటాలు సొంతంగా నింపుకుంటాడు, శనివారం రేంజ్‌కి రమ్మన్నాడు. ఏ లోడ్ (తూటాలో ఏ పౌడర్, ఎంత అన్న లెక్క) బాగుందో మూడేసి కాల్చి చూస్తే తెలిసిపోతుందా?

సీతమ్మధార: తమ్ముడూ, గురి సంగతి తర్వాత, ముందు నీ వీసా చూసుకో. హెచ్1బీ వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోకూడదు, అది ఫెడరల్ చట్టం. రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా అంతే. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్, గడువు తీరనిది, ఉంటేనే మినహాయింపు. ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న మూత), పౌడర్, ఖాళీ బ్రాస్ (తూటా ఇత్తడి గొట్టం) కూడా ఆ చట్టం లెక్కలో తూటాలే.

ఎంవీపీ కాలనీ: లైసెన్స్ తీసుకున్నాకే వెళ్లు. ఇక నువ్వడిగింది: మూడు చాలవు. ఒకే లోడ్ ఒకసారి అర అంగుళం గ్రూప్ (టార్గెట్ మీద చిల్లులు పరుచుకున్న వెడల్పు) ఇస్తుంది, ఇంకోసారి అంగుళంపావు. రెండూ నిజమే! కనీసం ఐదేసి చొప్పున రెండు మూడు గ్రూపులు కాల్చాలి. ముందు శుభ్రం చేసిన బ్యారెల్‌లో రెండు మూడు ఊరికే కాల్చెయ్యి. మధ్యలో చల్లారనివ్వు. ముందూ వెనకా ఇసుక సంచులు పెట్టు. వంద గజాల దగ్గర ఒక ఎమ్‌వోఏ (గ్రూప్ వెడల్పు చెప్పడానికి వాడే కోణం కొలత) అంటే 1.047 అంగుళం.

మద్దిలపాలెం: ఇవన్నీ సరే, ఇల్లెక్కడ? అద్దె అపార్ట్‌మెంట్ అయితే నా గోల వినండి. స్మోక్ అలారం చెక్ చేస్తామని మనిషి వచ్చాడు, క్లోజెట్‌లో పౌడర్ డబ్బా చూశాడు. సాయంత్రానికల్లా లీజింగ్ ఆఫీసు నుంచి నోటీసు, ‘పేలుడు పదార్థాలు’ అని! అది స్మోక్‌లెస్ పౌడరమ్మా, కంపెనీ డబ్బాలోనే ఉంటే ఇంట్లో ఇరవై పౌండ్ల దాకా పెట్టుకోవచ్చని ఫైర్ కోడ్ ప్రింట్ తీసి ఇచ్చాను. మేనేజర్ దాన్ని చూడనైనా చూడలేదు. లీజులో పదమూడో పేజీ తీసి ‘మండే పదార్థాలు నిషేధం’ అన్న లైను మీద వేలు పెట్టింది. డబ్బా తీసేశాక కూడా డిపాజిట్‌లో కోత! గ్యారేజీ ఉన్న స్నేహితుడింట్లో నింపుకోండి.

సీతమ్మధార: కోడ్ ఎంతైనా ఒప్పుకోనీ, సంతకం పెట్టింది లీజు మీద కదా.

అక్కయ్యపాలెం: ఎంవీపీ గారూ, ఐదు కూడా మోసమే. పది కాల్చి, గ్రూప్ మధ్య నుంచి ఒక్కో చిల్లు ఎంత దూరమో సగటు తీయండి. క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) దగ్గర పెట్టుకుని వేగాలు రాసుకోండి.

ఎంవీపీ కాలనీ: పదేసి కాల్చడానికి ప్రైమర్లు మీరు కొనిస్తారా?

పెదవాల్తేరు: నేను వైజాగ్ తిరిగొచ్చేశాను. ఒక్క మాట: రేంజ్‌కి మోసిన బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున ఒక్క తూటా మిగిలినా ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కేసే.

అక్కయ్యపాలెం: ప్రైమర్ల ఖర్చు కంటే తప్పు లోడ్ నమ్మడమే ఖరీదు. తమ్ముడూ, రీలోడింగ్ మాన్యువల్‌లో (తూటాలు నింపే లెక్కల పుస్తకం) ఉన్న కనిష్ఠ లోడ్ నుంచే మొదలెట్టమను మీ టీమ్ ఆయన్ని. కాల్చాక బోల్ట్ (తూటా వెనక మూసే రైఫిల్ గడియ) బిగుసుకుంటే ఒత్తిడి ఎక్కువైనట్టు, అక్కడితో ఆపెయ్యాలి, మిగతా తూటాలు విప్పించాలి. తూటాల ప్రతి సంచి మీదా పౌడర్ పేరు, ఎన్ని గ్రెయిన్లు (పౌడర్ తూకం కొలత), తేదీ రాసుండాలి. కొన్ని రేంజ్‌లు ఇంట్లో నింపినవి రానివ్వవు, ముందే ఫోన్ చేసి అడుగు.