విల్ క్యాంప్‌బెల్: ట్యాకిలా, గార్డా?

(అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల చర్చ; ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

మూడో వరుస
ఇంకో రెండు వారాల్లో 2025 డ్రాఫ్ట్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే వేళ. 2024లో నాలుగు గెలిచి పదమూడు ఓడి చతికిలబడినందుకు మన పేట్రియట్స్‌కు నాలుగో పిక్ (ఎంపిక వంతు) దక్కింది. నిరుడు ఎంతో ఆశపడి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) డ్రేక్ మే సరైన కాపలా లేక దెబ్బలు తింటూనే ఉన్నాడు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) లెఫ్ట్ ట్యాకిల్, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను కాచే వరుసలో ఎడమ చివర నిలబడే విల్ క్యాంప్‌బెల్‌ను తీసుకోవాలని నా వాదన. ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు, బరువు 319 పౌండ్లు. 2022లో కాలేజీలో అడుగుపెట్టిన ఏడాది నుంచే, పద్దెనిమిదేళ్లకే, ఆ స్థానం అతనిది.

తగువంతా చేతుల దగ్గర. ఇండియానాపోలిస్ కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను పరీక్షించే చోట) కొలిస్తే 32 5/8 అంగుళాలు. మార్చి చివర్లో కాలేజీలోనే మళ్లీ కొలిస్తే 33. ట్యాకిల్‌కు కనీసం 33 ఉండాలి, 34 అయితే మేలు అని పాత లెక్క. అందుకని లోపలికి జరిపి, ట్యాకిల్ పక్కన నిలబడే గార్డుగా ఆడించాలట! మూడేళ్ల ఆట చూడకుండా టేపు పట్టుకు తిరగడం పెళ్లిచూపుల్లో అమ్మాయి ఎత్తు కొలిచినట్టుంది.

కొలతబద్ద
పోలిక బాగుంది. కానీ పెళ్లిచూపుల్లో ఎదురుగా, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే మైల్స్ గారెట్ కూర్చోడు.

గారెట్ చెయ్యి 35 1/4 అంగుళాలు. అంటే క్యాంప్‌బెల్ కంటే కంబైన్ లెక్కన 2 5/8 అంగుళాలు ఎక్కువ. కబడ్డీ ఆడినవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. ముందు ఎవరి చెయ్యి అందితే ఆట వారిది. అంచున పరుగెత్తుకొచ్చేవాడు ఒంటిచెయ్యి చాచి ట్యాకిల్ రొమ్ము మీద పెట్టాడంటే, ఇతని రెండు చేతులూ గాలిలోనే ఉంటాయి. బరువు మడమల మీద పడుతుంది, తర్వాత క్వార్టర్‌బ్యాక్ మీదికి నేరుగా దారి. గార్డుకు ఇంత ఇబ్బంది ఉండదు. అటూ ఇటూ మనవాళ్లే ఉంటారు, కాపాడవలసిన చోటు తక్కువ.

పీటర్ స్కొరాన్‌స్కీని గుర్తు చేసుకోండి. నార్త్‌వెస్టర్న్‌లో మంచి లెఫ్ట్ ట్యాకిల్, చేతులు 32 1/4. 2023లో టైటన్స్ పదకొండో పిక్‌తో తీసుకుని గార్డుగా పెట్టారు.

బ్యాటన్‌రూజ్ పూర్వ విద్యార్థి
అదే నార్త్‌వెస్టర్న్ నుంచి వచ్చిన రషాన్ స్లేటర్‌ను ఎందుకు వదిలేశారు? 33 అంగుళాల చేతులు, 2021లో పదమూడో పిక్, ఛార్జర్స్ లెఫ్ట్ ట్యాకిల్. మొదటి సీజన్‌లోనే ప్రో బౌల్ (ఏటా మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవం). ఇక లెఫ్ట్ ట్యాకిల్ జో థామస్ సంగతి: 32 1/2. క్లీవ్‌లాండ్‌కు వరుసగా 10,363 స్నాప్‌లు (బంతి వెనక్కి అందించగానే మొదలయ్యే ఒక్కో ఎత్తు) ఒక్కటీ తప్పకుండా ఆడి హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. ఈ లెక్క ప్రకారం ఆయననూ గార్డు చేసేవారేమో.

కొలతబద్ద
జో థామస్ పేరు వస్తుందని తెలుసు, ప్రతిసారీ వస్తుంది. చదువు మానేసి కోటీశ్వరుడైనవాడిని చూపించి పిల్లవాణ్ణి బడి మాన్పిస్తామా?

దర్జీ కొడుకు
ఫుట్‌బాల్ నాకు అంతంతమాత్రం, డల్లాస్‌కు వచ్చాక పట్టుబడింది. టేపు మాత్రం పుట్టినప్పటి నుంచి తెలుసు. నాన్న చొక్కా కొలత తీసేటప్పుడు "భుజం వదులుగా పెట్టు బాబూ" అని రెండుసార్లు అనేవారు. మనిషి కాస్త బిగుసుకుంటే చెయ్యి కొలత మారిపోతుంది.

ఈ చర్చ చదివి రాత్రి నా చెయ్యే కొలిచాను. భుజం కొన ఎముక నుంచి మధ్యవేలి చివర దాకా, వీళ్లు కొలిచే పద్ధతిలోనే. మొదటిసారి 29 1/2. భుజం కిందికి జార్చి, వేళ్లు బాగా చాచి కొలిస్తే 29 3/4. మా ఆవిడ టేపు పట్టుకుని "ఎందుకివన్నీ" అంటుంటే మూడోసారి 29 5/8! మీరు కొట్టుకుంటున్న తేడా 3/8 అంగుళం, సెంటీమీటరు కూడా కాదు. నా ఒక్క చెయ్యే ఒక్క రాత్రిలో దాదాపు అంత తిరిగింది.

కొలతబద్ద
దర్జీ కొడుకు గారికి నమస్కారం, ఈ చర్చలో పనికొచ్చే ముక్క మీరే రాశారు. 32 5/8నా, 33నా అనేది వదిలేస్తాను. ఎలా కొలిచినా పొట్టి చేతులే కదా.

నా అసలు భయం వేరు. 2023లో క్యాంప్‌బెల్ వెనుక ఉన్న క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్. కాళ్లతోనే వెయ్యి గజాలు దాటించినవాడు. లైను తప్పు చేసినా పక్కకు ఉరికి బయటపడతాడు, ఆ తప్పు మన లెక్కలోకి రాదు. పైగా నాలుగో పిక్ పెట్టి తెచ్చినవాడు చివరికి గార్డయితే నష్టం మనదే. క్వెంటన్ నెల్సన్ అంతటి గార్డే 2018లో ఆరో పిక్‌గా వెళ్లాడు.

మూడో వరుస
డేనియల్స్ మాట ఒప్పుకుంటాను. అందుకే 2024 చూడమంటాను. డేనియల్స్ లేడు, అతని చోట క్వార్టర్‌బ్యాక్‌గా వచ్చిన నస్‌మయర్ పాకెట్‌లోనే (కాపలావాళ్ల మధ్యే) నిలబడి 4,000 గజాలకు పైగా విసిరాడు. వారం వారం ఎస్‌ఈసీ (ఎల్‌ఎస్‌యూ ఆడే కాలేజీ లీగ్) రషర్ల, అంటే దూసుకొచ్చేవాళ్ల ముందు వెనక్కి జరుగుతూ కాచుకోవడమే క్యాంప్‌బెల్ పని.

ఆ వీడియోలు చూసేటప్పుడు నేను బంతి వైపు చూడను, అతని కాళ్లే చూస్తాను. మొదటి రెండడుగులు చకచకా పడతాయి, నడుము నిటారుగా ఉంటుంది. చేతులు తొందరపడి విసరడు, అవతలివాడు దగ్గరికి వచ్చేదాకా ఆగుతాడు. పొట్టి చేతులవాడు బతకాలంటే నేర్చుకోవలసింది అదే. ఓడిపోయేది ఎక్కడంటే, రషర్ బయటి భుజం మీదుగా వస్తున్నట్టు నమ్మించి హఠాత్తుగా లోపలికి మళ్లినప్పుడు. అప్పటికే బరువు బయటి కాలి మీద ఉంటుంది, వెనక్కి రాలేడు. అది కాళ్ల జబ్బు, చేతులది కాదు. కోచ్ సరిదిద్దగలిగిన జబ్బు కూడా.

ఇంకొకటి: ట్యాకిల్‌గా కుదరక గార్డయితే బతుకు వృథా అన్నట్టు మాట్లాడవద్దు. జాక్ మార్టిన్ నోటర్‌డామ్‌లో లెఫ్ట్ ట్యాకిల్, డల్లాస్‌లో గార్డుగా తొమ్మిది ప్రో బౌల్స్.

కొలతబద్ద
చూశారా, మీరే గార్డు దాకా వచ్చారు.

మూడో వరుస *(ఏప్రిల్ 24, రాత్రి)*
నాలుగో పిక్, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్: విల్ క్యాంప్‌బెల్. మా ఇంట్లో అరుపులకు కింది అంతస్తువారు ఫోను చేశారు.

కొలతబద్ద
అభినందనలు. మీరు లోపలి మలుపు చూడండి, నేను చేతులు చూస్తాను. మూడో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), పది గజాలు కావాలి, పక్కన టైట్ ఎండ్ (ట్యాకిల్ పక్కన నిలబడేవాడు) సాయం లేదు, ఎదురుగా 35 అంగుళాల చెయ్యి. అలాంటి స్నాప్‌లు ఇరవై పోగయ్యాక ఇక్కడే మళ్లీ రాస్తాను.

దర్జీ కొడుకు
అప్పటిదాకా టేపు నా దగ్గరే ఉంచుకుంటాను.