ఒక్క వాక్యంలో కథ చెబితే మాంగాకు మేలా, కీడా?

నల్లసిరా:
మా అక్క కూతురు పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉంది. "మామయ్యా, మాంగా చదవడం మొదలుపెడతాను, మంచివేవో రాసి పంపు" అని అడిగింది. పన్నెండు మాంగాల, అంటే జపాన్ బొమ్మల కథల, పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన కథాబీజాన్ని ఒక్క వాక్యంలో పెట్టాను. చూసిన వెంటనే మూడింటిని ఎంచుకుంది. పేరు రాస్తే ఆ మనిషి చనిపోయే పుస్తకం ఒక విద్యార్థికి దొరికే ‘డెత్ నోట్’ ఒకటి. మనుషులంతా శిలలైపోయిన వేల ఏళ్లకు మేలుకున్న కుర్రాడు విజ్ఞానశాస్త్రాన్ని మొదటి మెట్టు నుంచి మళ్లీ కట్టే ‘డాక్టర్ స్టోన్’ రెండోది. చనిపోయిన తల్లిని బతికించబోయి ఒకడు కాలూ చెయ్యీ, ఇంకొకడు శరీరం మొత్తం పోగొట్టుకున్న అన్నదమ్ముల ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ మూడోది.

కొట్టేసినవి కూడా మూడే. ‘యొత్సుబా’కు నేను రాసిన వాక్యం: అయిదేళ్ల పాప నాన్నతో కొత్త ఊరికి వస్తుంది. జిరో తనిగుచి బొమ్మలు వేసిన ‘కొదొకు నో గురుమే’కు: ఒక వ్యాపారి పని మీద తిరుగుతూ ఒంటరిగా భోజనం చేస్తాడు. ‘చిహయాఫురు’కు: కరుతా అనే చీట్ల ఆట ఆడే అమ్మాయి. "వీటిలో ఏమీ జరగదు కదా మామయ్యా" అంది.

నాకు ప్రాణమైనవి ఆ మూడే. అందుకే అడుగుతున్నాను: మాంగాను ఇలా ఒక్క ముక్కలో పరిచయం చేయడం ఆ కళకు అన్యాయం కాదా? బీజం ఎంత గట్టిదైతే కథ అంత త్వరగా దాని బరువు కింద కుంగిపోతుందని నా అనుభవం. ‘డెత్ నోట్’ 108 అధ్యాయాల కథ. ఏడో సంపుటంలో ఒక పెద్ద మలుపు వస్తుంది. అక్కడి నుంచి నాకు మనుషులు కనబడలేదు, పుస్తకం నియమాలే కనబడ్డాయి.

వెన్నెల చదువరి:
నల్లసిరా గారూ, ఒప్పుకోను. గట్టి బీజం జపాన్ వారపత్రికల్లో అలంకారం కాదు, ఊపిరి. వీక్లీ షోనెన్ జంప్‌లో పాఠకులు తమకు నచ్చిన కథలేవో కార్డు మీద రాసి పంపుతారు. ఆ ఓట్లలో వెనకబడితే కథ ఎక్కడుందో అక్కడే ముగించేయాలి. పది, ఇరవై వారాల్లోనే ముగిసిపోయినవి ఎన్నో. 1994 చివర్లో ఆ పత్రిక ఒక సంచికకు 65.3 లక్షల ప్రతులు అచ్చువేసింది. అంతమంది ముందు నిలబడిన కొత్త చిత్రకారుడు మొదటి మూడు వారాల్లో పాఠకుడి చొక్కా పట్టుకోవాలి. ఆ పట్టు ఇచ్చేది మీరు తప్పు పడుతున్న ఒక్క వాక్యమే. ‘డెత్ నోట్’ రాసిన త్సుగుమి ఓబా, బొమ్మలు వేసిన తకేషి ఒబాతా ఇద్దరూ ఆ తర్వాత ‘బకుమాన్’ చేశారు. మాంగా గీయాలనుకునే ఇద్దరు కుర్రాళ్ల కథ అది. ఓట్ల లెక్క కోసం ఎదురుచూడటం ఎంత నరకమో అందులో చూడండి.

ఇక నియమాలంటారా? ఆ కథలో ఆనందమే నియమాలది. చదరంగంలో గుర్రానికి మనసు లేదని ఎవరైనా బాధపడతారా?

ఇంకుపిట్ట:
బీజమే సొగసైన కథలు కూడా ఉన్నాయి కదండీ. బుద్ధుడూ యేసూ సెలవు మీద భూమికి దిగి టోక్యో శివారు తచికావాలో ఒక అద్దె ఇంట్లో కలిసి ఉంటారు. హికారు నకమురా ‘సెయింట్ యంగ్ మెన్’ అంతే. ఆ వాక్యం వినగానే నేను మొదటి సంపుటం తెచ్చుకున్నాను.

పాతచెట్టు:
నేను మరో సంగతి చెబుతాను. కొన్నిటికి కథాబీజం అన్న మాట వాడటానికే నాకు నోరు రాదు. కేజీ నకజవా హిరోషిమాలో పుట్టాడు. 1945 ఆగస్టు 6న ఆయనకు ఆరేళ్లు. బడి గోడ అడ్డుపడి ఆయన బతికాడు. తండ్రి, అక్క, తమ్ముడు పోయారు. ఆ రోజే తల్లికి పాప పుట్టింది, ఆ పాపా ఎంతోకాలం బతకలేదు. 1973లో ఆయన మొదలుపెట్టిన ‘హదాషి నో గెన్’ ఈ బతుకే. చూడండి, అది కూడా షోనెన్ జంప్‌లోనే మొదలైంది, ఓట్ల కార్డులున్న ఆ పత్రికలోనే. దానికి జాబితాలో "అణుబాంబు నుంచి బతికిన కుర్రాడు" అని రాస్తే డాక్టర్ స్టోన్ పక్కన అదీ ఒక సాహసకథ అయిపోతుంది. నేనైతే తండ్రి మాట రాస్తాను. గోధుమ మొలకను చలిలో ఎంత తొక్కినా వేళ్లు గట్టిపరచుకుని నిటారుగా లేస్తుంది, నువ్వూ అలా ఎదగాలి అంటాడు గెన్ తండ్రి. కథ మొత్తం నిలబడింది ఆ మొలక మీద.

నల్లసిరా:
పాతచెట్టు గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. నా జాబితాలో ‘గెన్’ ఉంది. పక్కన మీరన్న వాక్యమే, దాదాపు అక్షరం పొల్లు పోకుండా.

తాళపత్రం:
తప్పు ఒక్క వాక్యంలో చెప్పడంలో లేదు, ఆ వాక్యంలో ఏది చెబుతున్నామన్నదానిలో ఉంది. మనం వింత చెబుతాం, వెలితి చెప్పం.

‘ఫ్రీరెన్’ తీసుకోండి. "రాక్షసరాజును చంపేశాక మొదలయ్యే కథ" అంటే వింత. వెయ్యేళ్లు దాటి బతికే ఎల్ఫ్ అనే కల్పిత జాతి స్త్రీకి తోటివారితో చేసిన పదేళ్ల ప్రయాణం రెప్పపాటు. తర్వాత ఎన్నో ఏళ్లకు ముసలివాడైన ఆ బృందం నాయకుడు చనిపోతే, అతని గురించి తనకు ఏమీ తెలియదని సమాధి దగ్గర ఏడుస్తుంది. ఇది వెలితి. రెండూ మొదటి అధ్యాయంలోనివే, రెండూ నిజమే. రెండోది విన్నవాడు వేరే మనసుతో పుస్తకం తెరుస్తాడు.

నల్లసిరా గారూ, మీ ‘చిహయాఫురు’ వాక్యం మీద నాకు నిజంగా కోపం వచ్చింది. యుకి సుయెత్సుగు 50 సంపుటాలు గీసిన కథను చీట్ల ఆట అనేస్తారా? వందమంది కవుల వంద పద్యాలు. చదివేవారు మొదటి సగం ఎత్తుకోగానే రెండో సగం ఉన్న చీటీని ఎదుటివాడికంటే ముందు ఊడ్చేయాలి. మొదటి అక్షరం చెవిన పడగానే పోల్చుకోగల పద్యాలు ఏడున్నాయి. పద్యం ఎత్తుకోగానే తక్కినది తన్నుకొచ్చే తాతల మధ్య పెరిగిన మనకు దీన్ని ఎవరైనా వివరించాలా? ఇది కూడా ఇంకా వింతే. అసలు బీజం వేరు. తన అక్క పెద్ద మోడల్ కావాలన్నదే చిహయా కల. ఫుకుయి నుంచి వచ్చిన అరాతా అనే పేద కుర్రాడు, కల అంటే నీకోసం నువ్వు కనేదని చెబుతాడు. పదో తరగతి పిల్లకు చెప్పాల్సిన వాక్యం ఇది కాక మరేది?

వెన్నెల చదువరి:
తాళపత్రం గారి మాట చాలావరకు సరే. కానీ యొత్సుబాకు ఏ వెలితి ఉంది? కియోహికో అజుమా 2003 నుంచి గీస్తున్న ఆ పాపకు ఏ లోటూ లేదు. పక్కింట్లో చల్లగాలి యంత్రం చూసి భూమి వేడెక్కిపోతుందని కంగారు పడుతుంది, మర్నాటికి ఇంకేదో. వింతా లేదు, వెలితీ లేదు. మీ కొలత అక్కడ పనిచేయదు.

తాళపత్రం:
పనిచేయదు, ఒప్పుకుంటున్నాను. ఆ వెలితి చదివేవాడిదేమో. నాకు ముప్ఫై దాటాకే ఆ పుస్తకం అందింది. పదిహేనేళ్లప్పుడు నేనూ కొట్టేసేవాణ్ణి.

ఇంకుపిట్ట:
అయితే యొత్సుబాకు వాక్యం వద్దండీ. ఒక పుట ఫొటో తీసి పంపండి. ఆ కళ్లు చూస్తే చాలు.

నల్లసిరా:
‘డెత్ నోట్’ గురించి నా మాట మార్చుకోను. వెన్నెల చదువరి గారూ, గుర్రానికి మనసు అక్కర్లేదు, ఆ పుస్తకం దొరికిన విద్యార్థి యగామి లైట్‌కు కావాలి. తక్కినచోట తప్పు నాది. నాకు ప్రాణమైన వాటికే బద్ధకంగా రాశాను. ఎంత చెప్పినా చాలదనిపించి, ఏమీ చెప్పకుండా వదిలేశానని ఇప్పుడు అర్థమవుతోంది.

‘గెన్’ పక్కన గోధుమ మొలక రాశాను. యొత్సుబా పుట ఒకటి పంపాను. చిహయాఫురుకు రాసింది ఇది: "అక్క గెలుపే తన కల అనుకునే అమ్మాయికి, అది నీ కల కాదని చెప్పే స్నేహితుడు దొరుకుతాడు." భోజనప్రియుడికి ఇంకా వాక్యం దొరకలేదు, ఎవరికైనా తడితే చెప్పండి. రాత్రి పదింటికి పంపాను. చూసినట్టుంది, జవాబు ఇంకా రాలేదు.