బొచ్చు విపరీతంగా రాలే కుక్కతో ఇంట్లో ఎలా వేగుతున్నారు? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారి అనుభవాలు

వేదాయపాళెం, నెల్లూరు (ప్రశ్న)

మా ఇంట్లో లేత పసుపు రంగు లాబ్రడార్ ఉంది. ఎండలు ముదిరినప్పటి నుంచి దాని వీపు మీద చెయ్యి పెడితే చాలు, బొచ్చు ఊడి చేతికి వస్తోంది. పొద్దున ఊడ్చిన హాలు భోజనాల వేళకు మళ్లీ నూగుతో నిండిపోతోంది. ఫ్యాను వేస్తే ఆ నూగంతా గోడల వారకు, సోఫా కిందికి, చివరికి పూజగదిలోకి కూడా చేరుతోంది. మా అత్తగారు మడిబట్టల దండేన్ని మేడ మీదికి మార్పించారు. ఆవకాయ కలిపే రోజున కుక్క వెనక గది దాటి రాకూడదని ముందే చెప్పేశారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది కనుక నేను ఎదురు చెప్పలేదు. ఊళ్లో కుక్కలకు స్నానాలు చేయించే దుకాణం వారేమో, ఎండాకాలం అంతా నున్నగా గొరిగిస్తే కుక్కకు చల్లగా ఉంటుంది, ఇల్లు కూడా శుభ్రంగా ఉంటుంది అంటున్నారు. గొరిగించడం మంచిదేనా? ఇంతగా రాలడం సహజమా, జబ్బుకు గుర్తా? మన వైపు ఎండల్లో, ఉక్కలో ఇలాంటి కుక్కలను పెంచుతున్నవారు చెప్పగలరు.

కావలి

దయచేసి గొరిగించకండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, పామరేనియన్, హస్కీ వంటి వాటి ఒంటి మీద బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన కాస్త గరుకుగా ఉండే పొడుగు వెంట్రుకలు, వాటి అడుగున దట్టమైన మెత్తని నూగు. మీ హాలులో తేలుతున్నది చాలావరకు ఆ నూగే. పై పొర ఎండను నేరుగా చర్మానికి తగలనివ్వదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, అంతే. ఒంట్లోని వేడిని అది ప్రధానంగా నాలుక చాపి వగర్చడం ద్వారానే పోగొట్టుకుంటుంది. కనుక గొరిగినంత మాత్రాన దానికి చల్లదనం రాదు, పైగా చర్మం ఎండకు కమిలిపోవచ్చు. కొన్ని కుక్కలకు గొరిగిన చోట బొచ్చు నెలల తరబడి సరిగా రాదు, వచ్చినా మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఇల్లు శుభ్రంగా ఉంటుందన్న మాట కూడా నిజం కాదు. రాలడం ఆగదు, పొడుగు వెంట్రుకలకు బదులు పొట్టి ముక్కలు రాలి, సోఫా గుడ్డలోకి సూదుల్లా దిగుతాయి.

ఇక ఏడాది పొడవునా ఎందుకు రాలుతుందన్న సంగతి. బొచ్చు మారే కాలాన్ని కుక్క శరీరం ముఖ్యంగా పగటి వెలుతురు నిడివిని బట్టి నిర్ణయించుకుంటుంది. లండన్ వంటి చోట వేసవి పగటికీ శీతకాలపు పగటికీ ఎనిమిది గంటలకు పైగా తేడా ఉంటుంది కాబట్టి అక్కడి కుక్కలు వసంతంలోనూ, శరత్తులోనూ ఒక్కసారిగా బొచ్చు మార్చుకుంటాయి. నెల్లూరులో ఆ తేడా రెండు గంటలు కూడా లేదు. పైగా ఇంట్లో రాత్రి పదకొండు దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. అందువల్ల మన ఇళ్లలోని కుక్కలు కొంచెం కొంచెంగా ఏడాదంతా రాలుస్తూ, మధ్యలో ఒకటి రెండు నెలలు మరింత ఉధృతంగా రాలుస్తాయి. మన నెల్లూరు జాతి గొర్రెను చూడండి: గొర్రే అయినా ఒంటి మీద ఉన్ని దాదాపు ఉండదు, పొట్టి వెంట్రుకలే. ఈ నేలకు తగిన జంతువు అది. న్యూఫౌండ్‌లాండ్ చన్నీళ్లలో వలలు లాగడానికి పనికొచ్చిన కుక్కల సంతతిని తెచ్చి మనం వేదాయపాళెంలో కూర్చోబెట్టాం. దాని బొచ్చు మీద దానికి కోపం లేదు, మనకే ఉంది.

చీమకుర్తి

మాది తెల్ల పామరేనియన్, ఇంట్లో పరిచింది నల్ల గెలాక్సీ గ్రానైటు. క్వారీల ఊరు కాబట్టి అందరం అదే పరుస్తాం. ఒక్క వెంట్రుక పడినా గుమ్మంలోంచే కనిపిస్తుంది. పొడి చీపురుతో ఊడిస్తే నూగు గాలిలోకి లేచి, మనం వెనుదిరిగాక మళ్లీ దిగుతుంది. ముందు ఫ్యాన్లు ఆపి, బాత్రూములో నీళ్లు లాగే రబ్బరు వైపరుతో పొడి నేల మీదే మెల్లగా లాగితే బొచ్చంతా ఉండలా చుట్టుకుని వస్తుంది. ఆ తరువాత తడిగుడ్డ పెట్టుకోవచ్చు. తుడిచే నీళ్లలో ఫినాయిలు మాత్రం వద్దు. కుక్క ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, ఫినాల్ దానికి విషం.

మంగమూరు రోడ్డు, ఒంగోలు

కావలి వారు చెప్పినది సరైనదే కానీ, కత్తెర అసలే తగలకూడదని అర్థం చేసుకోకూడదు. మా జర్మన్ షెపర్డ్‌కు తొడల వెనుక, తోక కింద, పాదాల వేళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలను మేము కత్తిరిస్తూనే ఉంటాం. వానల్లో బురద అంటుకుని జడలు కట్టేది అక్కడే. ఒంటి మీద మాత్రం మెషిను పెట్టనివ్వం. చర్మవ్యాధికి మందు రాయడానికో, శస్త్రచికిత్సకో డాక్టరే గొరగమంటే అది వేరే సంగతి.

మీ ప్రశ్నలో దువ్వడం గురించి మాటే లేదు. నా అభిప్రాయంలో ఈ సమస్యలో ముప్పాతిక భాగం అక్కడే తేలిపోతుంది. ఎలాగూ రాలవలసిన బొచ్చును అది నేల మీద పడకముందే మనం తీసుకోవడం, అంతకు మించి చేయగలిగింది ఎవరికీ లేదు. రోజూ సాయంత్రం ఎండ తగ్గాక, వరండాలో కాకుండా ఆరుబయట, గాలి ఇంటి వైపు వీచని చోట పది నిమిషాలు దువ్వండి. లాబ్రడార్‌కు రబ్బరు పళ్లున్న బ్రష్షు గానీ, చేతికి తొడుక్కునే రబ్బరు గ్లౌజు గానీ సరిపోతుంది. నూగు ఎక్కువగా ఊడే నెలల్లో మొద్దు కొనలతో, ఎడంఎడంగా ఉండే లోహపు పళ్ల దువ్వెన వాడితే లోపలి పొర కదిలి వస్తుంది. బ్లేడు వంటి పనిముట్లు కూడా దుకాణాల్లో అమ్ముతున్నారు. తరచుగా, గట్టిగా లాగితే అవి పై వెంట్రుకలను కూడా కోసేస్తాయి, చర్మం ఎర్రబడుతుంది. మాకు అవి నచ్చలేదు.

స్నానానికి కూడా ఒక వరస ఉంది. ముందు పొడి ఒంటి మీద బాగా దువ్వి, ఆ తరువాతే నీళ్లు పోయాలి. దువ్వకుండా తడిపితే ఊడిన నూగు లోపలే అతుక్కుని గడ్డకడుతుంది, దాని కింద చర్మం ఆరక వాసన వేస్తుంది. మా వీధిలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితో షాంపూ నురుగు సరిగా రాదు, కడిగినా పూర్తిగా వదలదు. అందుకని చివరి రెండు బక్కెట్లు మంచినీళ్లు పోస్తాం. నెలకు ఒకసారి చాలు. మనం వాడే సబ్బులు, షాంపూలు కుక్క చర్మానికి సరిపడవు. చర్మం ఎండిపోయి పొట్టు లేస్తుంది, బొచ్చు ఇంకా రాలుతుంది.

ఒంగోలు, కొత్తపట్నం వైపు

పెరట్లో కట్టేస్తే గొడవే ఉండదు కదా? మా తాతల నాటి నుంచి కుక్క గడప లోపలికి వచ్చింది లేదు.

కావలి

మీ తాతల నాటి కుక్క ఊరకుక్క అయి ఉంటుందండీ, దానికి ఈ ఎండ అలవాటే. లాబ్రడార్‌ను రోహిణి కార్తెలో నీడ లేని పెరట్లో గొలుసుతో కట్టేస్తే వడదెబ్బకు ప్రాణమే పోవచ్చు.

ఆత్మకూరు (పశుసంవర్ధక శాఖలో పనిచేసి విరమించినవారు)

గొర్రెలకు, గేదెలకు మందులు ఇస్తూనే ఉద్యోగకాలం గడిచింది కానీ, చివరి సంవత్సరాల్లో కుక్కలను తీసుకువచ్చేవారు బాగా పెరిగారు. అడిగిన ప్రశ్నలో రెండో భాగానికి ఎవరూ జవాబు చెప్పలేదు కనుక రాస్తున్నాను.

ఒళ్లంతా సమానంగా రాలుతూ, కింద చర్మం శుభ్రంగా కనిపిస్తూ, కుక్క ఆటపాటల్లో, తిండిలో మార్పు లేకపోతే అది సహజమైన రాలుడే. చూడవలసింది రాలిన బొచ్చును కాదు, మిగిలిన ఒంటిని. ఎక్కడైనా బోడి మచ్చ ఏర్పడిందా, చర్మం ఎర్రగా గానీ నల్లగా గానీ మారిందా, పొలుసులు లేస్తున్నాయా, నిద్రలో కూడా గోక్కుంటోందా అన్నది గమనించండి. చెవి అంచుల్లో, మోచేతుల దగ్గర భరించలేని దురదతో బొచ్చు ఊడితే గజ్జి అని అనుమానించాలి. అది ఎత్తుకునేవారి చేతుల మీద కూడా దద్దుర్లు లేపుతుంది. చిన్న వయసు కుక్కల్లో కళ్ల చుట్టూ, మూతి మీద, ముందు కాళ్ల మీద దురద పెద్దగా లేకుండానే మచ్చలు పడితే అది మరో రకం సూక్ష్మపురుగు పని, అది మనుషులకు అంటదు. గుండ్రని మచ్చలతో వచ్చే తామర మాత్రం అంటుతుంది. ఈ మూడింటిని కంటితో చూసి తేల్చలేం. చర్మాన్ని కాస్త గీకి సూక్ష్మదర్శినిలో పరీక్షించాలి, తామర అనుమానమైతే వెంట్రుకలు కూడా చూడాలి. మధ్యవయసు దాటిన కుక్క తిండి పెరగకుండానే లావెక్కి, మందకొడిగా పడుకుంటూ, దురద లేకుండా రెండు పక్కలా ఒకే తీరున పలచబడి, తోక బోడి అవుతుంటే థైరాయిడ్‌కు రక్తపరీక్ష చేయించండి. లాబ్రడార్లలో, గోల్డెన్ రిట్రీవర్లలో ఇది అరుదేమీ కాదు, రోజూ మాత్ర వేస్తే అదుపులో ఉంటుంది. ఈనిన ఆడకుక్కకు పిల్లలు పాలు తాగే రోజుల్లో బొచ్చు బాగా ఊడిపోవడం మామూలే, తిరిగి వస్తుంది.

గోమార్ల సంగతి వేరుగా చెప్పాలి. దువ్వేటప్పుడు చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెదకండి. గోధుమ రంగు గోమారు కుట్టడం వల్ల వచ్చే జ్వరాలు, ముఖ్యంగా ఎర్లికియా, బబీసియా, మన ప్రాంతంలో కుక్కలను తీసుకుపోతున్న జబ్బులు. కుక్క నీరసించి, చిగుళ్లు పాలిపోతే ఒక్క రోజు కూడా ఆగకూడదు. గోమార్ల మీద కిరసనాయిలు పోసేవారు ఇప్పటికీ ఉన్నారు. చర్మం కాలుతుంది, నాకితే కడుపులోకి పోతుంది. అలాగే గొర్రెల మందలకు వేసే ఐవర్‌మెక్టిన్‌లో ఇంత అని కుక్కకు పొడిచేవారిని కూడా చూశాను. కోలీ వంటి కొన్ని జాతులకు జన్యులోపం వల్ల ఆ మందు మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది, తక్కిన వాటికైనా మోతాదు తప్పితే ప్రమాదమే.

తిండి గురించి ఒక మాట. వెంట్రుక అంటే దాదాపు అంతా ప్రోటీనే. కుక్క తినే ప్రోటీనులో పావు వంతుకు పైగా చర్మానికి, బొచ్చుకే పోతుంది. మన ఇళ్లలో మూడు పూటలా పెరుగన్నం పెట్టి, బొచ్చు మెరవడం లేదని అడుగుతారు. ఉడికించిన గుడ్డు, ఎముకలు లేని కోడిమాంసం కలపండి. తీరం దగ్గరి వారికి కవళ్లు చవకగా దొరుకుతాయి. ఉప్పు, కారం లేకుండా ఉడకబెట్టి ముళ్లు తీసి వారానికి ఒకటి రెండుసార్లు పెడితే అందులోని ఒమేగా-3 కొవ్వులు చర్మానికి మేలు చేస్తాయి. చేపల పులుసు మిగిలిందని పోయకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. తిండి మార్చిన ఫలితం బొచ్చులో కనిపించడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది.

దర్గామిట్ట, నెల్లూరు

మా అబ్బాయికి ఉబ్బసం ఉంది. అలర్జీ కలిగించేది వెంట్రుక కాదని, కుక్క ఉమ్మిలో, చర్మపు పొట్టులో ఉండే ప్రోటీన్లని డాక్టరు వివరించారు. బొచ్చు రాలని జాతి తెచ్చుకుంటే బాధ ఉండదని అమ్మేవారు చెప్పే మాటను ఆయన కొట్టిపారేశారు. రాలిన వెంట్రుక ఆ పొట్టును ఇల్లంతా మోసుకు తిరుగుతుంది కాబట్టి శుభ్రత తప్పనిసరే. పిల్లవాడి పడకగదిలోకి కుక్కను రానివ్వం, దువ్వే పని నాది, దువ్వాక చొక్కా మార్చుకునే లోపలికి వస్తాను. పరిస్థితి అదుపులోనే ఉంది కానీ, ఇన్‌హేలరు మానలేదు. ఇలాంటి పిల్లలున్న ఇంటివారు కుక్కను తెచ్చుకునే ముందే డాక్టరును అడగడం మంచిదని నా ఉద్దేశం.

వేదాయపాళెం, నెల్లూరు

అందరికీ కృతజ్ఞతలు. గొరిగించే ఆలోచన మానుకున్నాం. ఆత్మకూరు వారు చెప్పిన గుర్తులేవీ మా కుక్కకు లేవు, దురద కూడా లేదు. మరో సందేహం. కుక్క వెంట్రుక కడుపులోకి పోతే లోపల గడ్డలు కడతాయని మా అత్తగారి నమ్మకం. ఇందులో నిజమెంత?

ఆత్మకూరు

వెంట్రుక ఒకటి రెండు కడుపులోకి పోతే అరగకుండా బయటికి వచ్చేస్తుంది, దాని వల్ల గడ్డ కట్టదు. అయినా మీ అత్తగారి భయాన్ని తీసిపారేయడానికి లేదు. ఎకినోకాకస్ అనే బద్దెపురుగు కుక్క పేగుల్లో ఉంటే దాని గుడ్లు మలంతో బయటికి వచ్చి బొచ్చుకు అంటుకుంటాయి. అవి మనిషి కడుపులోకి చేరితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు పెరుగుతాయి. కుక్కకు ఆ పురుగు సోకేది గొర్రె, మేకల పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు తినడం వల్ల. మాంసం కొట్టు దగ్గర పారేసే ముక్కలను తిననివ్వకండి, డాక్టరు చెప్పిన వ్యవధిలో ప్రాజిక్వాంటెల్ ఉన్న నులిపురుగుల మందు వేయించండి, దువ్వాక, తిండికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆవిడకు ఈ మూడూ పాటిస్తున్నామని చెబితే సరిపోతుంది.

కందుకూరు

బట్టల గురించి ఎవరూ రాయలేదు. బొచ్చు అంటిన బట్టలను నేరుగా వాషింగ్ మెషిన్‌లో వేస్తే తడిసిన వెంట్రుక నేతలోకి దిగి, పక్క బట్టలకు కూడా అంటుతుంది. ముందు పొడిగా ఉన్నప్పుడే బయట విదిలించి, కొంచెం తడిపిన రబ్బరు గ్లౌజుతో ఒకే వైపుకు తుడిచి, ఆ తరువాత వేయాలి. కుక్క పడుకునే దుప్పట్లను విడిగా ఉతుకుతాం, ఉతికిన ప్రతిసారీ మెషిన్‌లోని జాలీ సంచి ఖాళీ చేస్తాం. సోఫా మీద, దివాన్ మీద దళసరి నూలు దుప్పటి పరిస్తే రోజూ దాన్ని దులుపుకుంటే చాలు. నవారు మంచం మాత్రం కుక్కకు ఇవ్వకండి, అల్లికలో ఇరుక్కున్న నూగు ఎంత దులిపినా రాదు.

ఏసీ ఉన్న గదిలో కుక్క పడుకుంటుంటే ఫిల్టరు వలను రెండు వారాలకు ఒకసారి తీసి కడగాలి. నూగు పేరుకుంటే గాలి తగ్గుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. స్నానం చేయించే చోట తూము మీద సన్నని స్టీలు జాలీ పెట్టి, నీళ్లు పోయడం అయిన వెంటనే దాని మీద చేరిన బొచ్చును చేత్తో తీసి చెత్తబుట్టలో వేయండి. సబ్బు నురుగుతో కలిసి పైపులో గడ్డకట్టాక ప్లంబరు వచ్చి విప్పితే గానీ వదలదు.